ఎదురు పీరియడ్

నేను పదో తరగతి కాలేజీలో చదివాను. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. తణుకు అవతల, చెరుకు తోటల మధ్య ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో, బీఎస్సీ వాళ్ళ పక్క గదిలో చదివాను. అదీ రెండోసారి. ఈ మాట ఎక్కడ చెప్పినా జనం నన్ను ఎగాదిగా చూస్తారు. చూస్తే చూడనీ. ఆ బడి మాటెత్తితే నాకు ఇప్పటికీ కూర్చున్న చోట కుదురుండదు. మా పిల్లలు "అమ్మ మళ్ళీ మొదలెట్టింది" అంటూ పక్క గదిలోకి జారుకుంటారు. అందుకే కాయితం మీద పెడుతున్నాను. కాయితం జారుకోలేదు కదా!

తొంభైల చివర్లో సంగతి ఇది. అప్పట్లో ఆ కాలేజీలో ఇంటర్మీడియట్ కూడా ఉండేది. జూన్ వచ్చిందంటే టెన్త్ ప్యాసైనవాళ్ళు అప్లికేషన్లు పట్టుకుని గేటు లోపలికి వెళ్ళేవారు. తప్పినవాళ్ళం స్నేహితులకి తోడు వచ్చి, గేటు బయట కల్వర్టు మీద కూర్చునేవాళ్ళం. ఇంట్లో ఉంటే అమ్మలు గిన్నెలు ఎత్తి కుదేసి మరీ తిడతారు కదా, దానికన్నా ఇదే నయం. నేను తప్పింది ఒక్క లెక్కల్లోనే. తెలుగులో నాకొచ్చిన మార్కులు చూసి మా అమ్మ వీధంతా చెప్పుకుంది, లెక్కల మార్కులు చూసి పెరట్లోకి వెళ్ళి కూర్చుంది.

ఒక రోజు కాలేజీలో జువాలజీ చెప్పే మేడం గారు స్కూటర్ మా ముందు ఆపారు.

"ఏంటమ్మా, రోజూ ఇక్కడే కూర్చుంటున్నారు?"

"మా ఫ్రెండు కోసమండి."

"ఆ అమ్మాయి లోపల ఏం చేస్తోంది?"

"చదువుకోడానికి చేరుతోందండి."

"మరి మీరు?"

 ఆవిడ మమ్మల్ని వరసగా చూసి, "కూర్చునేదేదో లోపలికొచ్చి కూర్చోండి, ఎండన్నా తగలదు" అని వెళ్ళిపోయారు. మర్నాడు నిజంగానే లోపలికి వెళ్ళాం. అంతే, బడి పుట్టింది! శంకుస్థాపనలూ రిబ్బన్లూ ఏమీ లేవు. పురుడు పోసుకున్నది సైకిల్ స్టాండులో. డిగ్రీ కుర్రాళ్ళు సైకిళ్ళు తీసుకోడానికి వస్తే పాఠం ఆపి, లేచి, దారిచ్చి మళ్ళీ కూర్చునేవాళ్ళం. వానలు మొదలయ్యాక హాస్టల్ మెస్ వరండాలోకి మారాం. అక్కడ సాంబారు పోపు వేసేసరికి ఎవరికీ పాఠం బుర్రకెక్కేది కాదు. ఆ తర్వాత కొన్నాళ్ళు మేడం గారి మ్యూజియంలో, సీసాల్లో నిలబెట్టిన కప్పల మధ్య. చివరికి కాలేజీ వెనక వైపు ఖాళీగా పడున్న పాత గ్యాలరీ గది దొరికింది. మెట్లు మెట్లుగా బెంచీలు, కింద ఒక గోడంత బ్లాక్‌బోర్డు. ఆ గదిలో అడుగు పెట్టిన రోజు మేము చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాం. ఎవరూ విడవమనలేదు.

మేడం గారి వీధిలో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు మాకు అన్ని పాఠాలూ చెప్పేవారు. తెల్లటి పంచె, తెల్లటి జుట్టు, నల్లటి గొడుగు. ఆయనే గది తలుపు మీద సుద్దతో 'ప్రత్యామ్నాయ ఉన్నత పాఠశాల' అని అందంగా రాశారు. ఆ పేరు ఒక్కరికైనా నోరు తిరిగితే ఒట్టు. ఊళ్ళో అందరూ మాత్రం 'తప్పినోళ్ళ బడి' అనేవారు. మాస్టారికి కోపం రాలేదు. "తప్పక చదువుకునేవాళ్ళు కొందరు, తప్పి చదువుకునేవాళ్ళు కొందరు. మనం రెండో రకం, మనకి తప్పంటే భయం లేదు" అనేవారు.

అక్కడ అన్ని రకాలవాళ్ళం ఉండేవాళ్ళం. నాలాగ టెన్త్ తప్పినవాళ్ళు, ఏడో తరగతిలోనే ఆగిపోయినవాళ్ళు. అందరికన్నా పెద్దది రావులపాలెం అక్క. వాళ్ళది అరటి వ్యాపారం. పొద్దున్నే మార్కెట్లో గెలలు వేలం పాడించి, చీర కొంగుకంటిన అరటి జిగురుతో బస్సెక్కి, మధ్యాహ్నానికి మా బెంచీ మీద ఉండేది. ఎనిమిదో తరగతిలో పెళ్ళి చేసేశారట. "మా అమ్మాయి ఆరో తరగతికొచ్చింది, అది నన్ను దాటిపోయే లోపు నేను టెన్త్ దాటెయ్యాలి" అనేది. ఆవిడ నవ్విందంటే గ్యాలరీ పై మెట్టు దాకా వినిపించేది.

ఇక మా బడికి ఉన్న అసలు ఆచారం ఎదురు పీరియడ్. రోజూ చివరి గంటలో మాస్టారు వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. మాలో ఒకరు బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పాలి. దానికి మూడు షరతులు. బోర్డు దగ్గర ఉన్నది ఎంత చిన్నవాళ్ళైనా సరే 'అండి' అనాలి, 'గారు' అనాలి. ఆ గంటలో మాస్టారు కూడా లేచి నిలబడి "నాదో డౌట్ అండి, మేడం గారండి" అనేవారు. తెలియకపోతే "తెలీదండి, రేపు చెప్తాను" అనచ్చు, సిగ్గు పడక్కర్లేదు. మూడోది నాకు ప్రాణం. బోర్డు మీద తప్పు దొరికితే అందరూ చప్పట్లు కొట్టాలి. తప్పు చేసినవాళ్ళకీ, పట్టుకున్నవాళ్ళకీ కలిపి. మొదట్లో మాకు ఇదంతా వెటకారంలా ఉండేది. గోదావరి జిల్లాల్లో 'అండి' అనడం మాకు ఊపిరి తీసుకోవడమంత అలవాటే, కానీ పెద్దలు పిల్లల్ని అనడం ఎక్కడన్నా విన్నారా? వారం తిరిగేసరికి ఏమైందో ఏమో, ఆ 'అండి' వినడానికే బోర్డు దగ్గరికి పోటీలు పడడం మొదలెట్టారు.

నేను తప్ప. నా వంతొచ్చిన రోజు నాకు తలనొప్పి వచ్చేది. లేదా బస్సు ముందొచ్చేది. లేదా అమ్మ రమ్మనేది. రావులపాలెం అక్క పసిగట్టేసి, "ఏమే, నీ తలనొప్పికి క్యాలెండర్ కూడా ఉందా?" అని అందరి ముందూ అనేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం చెయ్యను, సుద్దముక్క పట్టుకుంటే చాలు, అరచేతులు చెమటలు పట్టేసేవి.

మా నాన్న సంగతి కూడా చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఆయన చెరుకు రైతు. మాటకి ముందు మీసం కదిలే మనిషి. నేను టెన్త్ తప్పానని బంధువుల్లో తలెత్తుకోలేకపోతున్న సమయంలో, ఈ బడి కాలేజీలో ఉందని తెలిసింది. అంతే, ఆయనకి దారి దొరికింది. "మీ అమ్మాయేం చేస్తోందండి?" అని ఎవరడిగినా "కాలేజీకి వెళ్తోందండి" అనేవారు. అబద్ధం కాదు కదా! రోజూ వెళ్తున్నది కాలేజీకే. నాతో మాత్రం ఒకటే మాట చెప్పారు.

"చూడమ్మాయ్, ఆ కాలేజీ కాంపౌండులో ఉన్నంత కాలం వెళ్ళు. ఆ బడి కాంపౌండు దాటి బయటికొచ్చిందా, నీ చదువు ఆ రోజుతో సరి. తప్పినోళ్ళ బడికి మా అమ్మాయి వెళ్తోందని చెప్పుకునే ఓపిక నాకు లేదు."

అంటే నా చదువంతా ఆ గ్యాలరీ గది మీద ఉంది. గది ఉంటే నేను బళ్ళో ఉంటాను, గది పోతే ఇంట్లో ఉంటాను. అందుకే జనవరిలో ప్రిన్సిపాల్ గారు మా గదిలోకి వచ్చి చెప్పిన మాట వినగానే నా గుండెల్లో రాయి పడింది.

ప్రిన్సిపాల్ గారు చెడ్డవారు కాదు. భయస్తులు, అంతే. కాలేజీకి కొత్తగా కంప్యూటర్ కోర్సు కోసం అడిగారట. దానికి పర్మిషన్ ఇచ్చేముందు ఒక కమిటీ వచ్చి కాలేజీ అంతా చూస్తుందట.

"మాస్టారూ, మీకు తెలియనిదేముందండి. డిగ్రీ కాలేజీలో టెన్త్ ఫెయిలైనవాళ్ళు ఏంటి అని వాళ్ళు ఒక్క మాటంటే నా పర్మిషన్ పోతుందండి. ఆ రోజు మీరు సెలవు పెట్టుకోండి. ఒక్కరు కూడా కనపడకూడదు. వాళ్ళ కంట పడ్డారా, ఆ సాయంత్రమే గది ఖాళీ చెయ్యాలండి. నన్నేం అనుకోకండి."

మాస్టారు "అలాగేనండి" అన్నారు. మేడం గారు ఆయన వెనకే గుమ్మం దాకా వెళ్ళారు. ఆవిడే ప్రతిసారీ ఆయన కాళ్ళావేళ్ళా పడి మా గది నిలబెట్టేవారని మాకు తెలుసు.

కమిటీ వస్తుందన్న రోజున మేమెవరం వెళ్ళలేదు. తలుపు మీద మాస్టారు రాసిన పేరు కూడా తడిగుడ్డతో తుడిచేశారు. నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. సాయంత్రం తెలిసిందేంటంటే కమిటీ రాలేదు. దారిలో పెనుగొండ అమ్మవారి దర్శనానికి ఆగారట, ఆలస్యమైందట, కార్యక్రమం మారిందట. ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. ఇంకేం, వాయిదా పడిపోయింది, పీడా పోయింది అనుకుని మర్నాడు మధ్యాహ్నం అందరం యథాప్రకారం గ్యాలరీలో చేరిపోయాం.

వాళ్ళు వచ్చిందీ ఆ రోజే! పొద్దున్నే వచ్చి ల్యాబులు చూసి, లైబ్రరీ చూసి, ప్రిన్సిపాల్ గారి గదిలో భోజనాలు కూడా చేశారు. మేము వెనక గేటులోంచి వస్తాం కాబట్టి ముందు వైపు ఆగిన కారు చూడనే లేదు. వాళ్ళ హడావుడిలో మాకు కబురు చెప్పాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

సరిగ్గా ఆ రోజే నా తలనొప్పి ఎవరూ నమ్మలేదు. ఎదురు పీరియడ్ మొదలవగానే అక్క నా జబ్బ పట్టుకుని బోర్డు దగ్గరికి లాక్కెళ్ళి వదిలేసింది. మాస్టారు వెళ్ళి ఆఖరి బెంచీ మీద కూర్చున్నారు. పాఠం శ్రేఢులు. అంటే ఒకే తేడాతో పెరుగుతూనో తరుగుతూనో వెళ్ళే అంకెలన్నీ కలిపితే ఎంతవుతుందో కనుక్కోవడం. నాకు టెన్త్‌లో కొంప ముంచింది అదే.

 సూత్రం రాద్దామంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. చెయ్యి బోర్డు మీద ఉంది, కదలదు. ఊరికే అలా సుద్ద ఆనించి ఉంచేసరికి ఒక చుక్క పడింది. ఆ చుక్క చూడగానే, తస్సాదియ్యా, నాకు ముగ్గు గుర్తొచ్చింది! నెల రోజులుగా మా వాకిట్లో రోజూ పెడుతున్నదే. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా. పక్కన ఇంకో చుక్క పెట్టాను. ఇంకోటి పెట్టాను. చెయ్యి తనంతట తనే వెళ్ళిపోతోంది. మధ్య వరసలో పదిహేను, దానిపైన పద్నాలుగు, ఆపైన పదమూడు, అలా ఎనిమిది దాకా. కిందకీ అంతే.

"ఇదేంటండీ మేడం గారూ, పాఠం చెప్తారనుకుంటే పేడనీళ్ళు చల్లి ముగ్గేస్తున్నారు?" అంది అక్క.

"ఉండండి మరి! మొత్తం ఎన్ని చుక్కలో చెప్పండి చూద్దాం."

అందరూ వేళ్ళు చూపిస్తూ ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం మొదలెట్టారు. నాకు ఎక్కడ లేని ఉషారొచ్చింది.

"అలా కాదండి. సగం ముగ్గు చూద్దాం. పెద్ద వరస పదిహేను, చిన్న వరస ఎనిమిది, కలిపితే ఇరవై మూడు. పద్నాలుగూ తొమ్మిదీ కలపండి. అదీ ఇరవై మూడే! పదమూడూ పదీ? ఇరవై మూడే! పన్నెండూ పదకొండూ? మళ్ళీ అదే! నాలుగు జతలు. నాలుగు ఇరవై మూళ్ళు తొంభై రెండు. పై సగం తొంభై రెండు, కింద సగం తొంభై రెండు. మొత్తం నూట ఎనభై నాలుగు!"

ఆఖరి బెంచీ మీద మాస్టారు లేచి నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు.

"నాదో డౌట్ అండి, మేడం గారండి. ఆ మధ్య వరస పై సగంలో ఉందాండి, కింద సగంలో ఉందాండి?"

బోర్డు వైపు చూశాను. అమ్మ బాబోయ్! పదిహేను చుక్కల్నీ రెండుసార్లు లెక్కేశాను. "తప్పు దొరికిందండీ!" అని అరిచాను. అరవడమేంటి, ఎగిరి గంతేశాను. "రెండుసార్లు కలిపానండి, ఒక పదిహేను తీసెయ్యాలండి, నూట అరవై తొమ్మిది!" గ్యాలరీ అంతా చప్పట్లు. అక్కయితే బెంచీ మీద బాదేస్తోంది. పుట్టి బుద్ధెరిగాక లెక్కల్లో తప్పు చేసి నేను అంత సంతోషపడింది లేదు.

ఆ చప్పట్లే కొంప ముంచాయి. కారెక్కబోతున్న కమిటీ వాళ్ళు ఆ మోత విని, ఇదేంటని వెతుక్కుంటూ వచ్చేశారు. తలుపు దగ్గర ముగ్గురు పెద్దమనుషులు, వాళ్ళ వెనక పాలిపోయిన ముఖంతో ప్రిన్సిపాల్ గారు. నా చేతిలో సుద్ద రెండు ముక్కలైంది.

ముందున్న పెద్దాయన నావైపు చెయ్యెత్తి, "మీరు కానివ్వండమ్మా, మేము ఊరికే వింటాం" అని మెల్లిగా మెట్లెక్కి వెళ్ళి కూర్చున్నారు. ఎక్కడనుకున్నారు? మాస్టారి పక్కనే! నేను ఆ రోజు అమ్మ చీర కట్టుకుని వెళ్ళాను. బెంచీల మీద చూస్తే పెద్ద పెద్దవాళ్ళు, తల నెరిసిన మాస్టారేమో ఇంకా నిలబడే "కూర్చోమంటారాండి?" అని నన్ను అడుగుతున్నారు. ఆ పరిస్థితిలో ఎవరన్నా ఏమనుకుంటారు చెప్పండి.

కాసేపు బోర్డు వైపు చూసి ఆ పెద్దాయన కూడా లేచారు. మా అలవాటు ఆయనకి అంటుకున్నట్టుంది. "మేడం గారూ, నాదీ ఒక డౌట్ అండి. నూట అరవై తొమ్మిది అంటే పదమూడు పదమూళ్ళు. ఈ ముగ్గేమో ఆరు మూలలది. దీన్ని విప్పేసి నలుపలకల ముగ్గుగా పెట్టినా చుక్క మిగలకుండా సరిపోతుందన్నమాట. అలా ఎందుకైందంటారు?"

నాకేం తెలుసు! కానీ షరతు గుర్తొచ్చింది. "తెలీదండి. రేపు చెప్తాను" అన్నాను గట్టిగా. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పెద్దగా నవ్వి కూర్చున్నారు.

వాళ్ళు లేచి వెళ్ళిన కాసేపటికే అటెండరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతనిది మా వీధే. "అమ్మాయ్, ప్రిన్సిపాల్ గారి గదిలోకి రమ్మంటున్నారు. లెక్చరర్ గారంట నువ్వు! కొత్త లెక్చరర్ని అభినందించి వెళ్తాం అంటున్నారు ఆ పెద్దాయన. ఆయ్, మామూలుగా లేదు నీ పని!" అన్నాడు. మాస్టారూ నేనూ వెళ్ళాం. ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోనే నన్ను ఆపారు. నుదుటి మీద చెమట.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది. ఔననెయ్యి. రెండు నిమిషాలు. కారెక్కి వెళ్ళిపోతారు. నీ గదికి ఢోకా లేదు, నా మాట."

ఔనంటే గది ఉంటుంది. గది ఉంటే నాన్న పంపిస్తారు. ఇంతకన్నా ఏం కావాలి నాకు? సరే అనుకునే లోపలికి వెళ్ళాను. పెద్దాయన కుర్చీలోంచి లేచారు. నా ముందు!

"చాలా బాగా చెప్పారమ్మా. 'తెలీదు' అని క్లాసులో ఒప్పుకున్న లెక్చరర్ని నా సర్వీసులో చూడలేదు. ఎమ్మెస్సీ ఎక్కడ చేశారండి?"

మాస్టారి వైపు చూశాను. ఆయన గొడుగు పిడి వైపు చూసుకుంటున్నారు. ఎవరూ సాయం చెయ్యలేదు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియదు. నేను లెక్చరర్నయితే రావులపాలెం అక్క ఎవరు? ఆ బెంచీల మీద ఉన్నవాళ్ళంతా ఎవరు? సైకిల్ స్టాండు నుంచి ఇక్కడి దాకా వచ్చిన బడి ఏమైనట్టు? నన్ను నిలబెట్టింది ఆ బడి. దాన్ని లేదనేసి దాని గది నేనెలా ఉంచుకోను?

"నేను లెక్చరర్ని కాదండి. టెన్త్ ఫెయిలండి. లెక్కల్లోనే అండి."

మాస్టారి వైపు చెయ్యి చూపించాను.

"ఆయన మా మాస్టారండి. వాళ్ళంతా మా బడేనండి. తప్పినోళ్ళ బడి అంటారండి దాన్ని. రోజూ చివరి గంటలో మేము చెప్తామండి, ఆయన వింటారండి. ఇవాళ నా వంతండి."

పెద్దాయన ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగారు. "ఏంటండీ ఇది? ఎవరి స్టూడెంటండీ ఈ అమ్మాయి?"

అయిపోయింది, నా చదువు కాంపౌండు దాటేసింది అనుకున్నాను. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. ఇన్నాళ్ళలో ఆయన మమ్మల్ని 'మాస్టారి పిల్లలు' అనో 'మేడం గారి బడి' అనో తప్ప ఇంకోలా అన్నది లేదు.

"మా స్టూడెంటేనండి" అన్నారు. "మా బడేనండి. మా కాలేజీదేనండి."

ఆ మనిషికి అంత ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చిందో! నాకు ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది.

"మరి పొద్దున్నుంచి ఆ గదెందుకు చూపించలేదండీ?" అన్నారు పెద్దాయన. "బీరువాలు చూపించారు, బల్లలు చూపించారు, ఆఖరికి కుళాయిలు తిప్పి మరీ చూపించారు. చూపించాల్సింది దాచిపెట్టారు. కంప్యూటర్లు వచ్చాక వాటికి ఇంకో గది చూసుకోండి. గ్యాలరీ ఖాళీ లేదుగా!" తర్వాత నావైపు తిరిగి, "నా డౌటు మాటేంటమ్మా?" అన్నారు.

"రేపు చెప్తానన్నానుగా అండి!"

అందరూ నవ్వారు. నేను గ్యాలరీ దాకా పరిగెత్తాను, వెనక మాస్టారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు. తలుపు దగ్గర మేడం గారు సుద్దతో మళ్ళీ పేరు రాయడం మొదలుపెట్టేశారు. అక్క నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. ఆ డౌటుకి జవాబు మాస్టారు తర్వాత ఎన్నాళ్ళో ఆలోచించి, "ఊరికే అలా కుదిరిందమ్మా" అని తేల్చేశారు.

ఇంత సంబరంలోనూ బస్సెక్కాక నాకు చల్లగా గుర్తొచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి ఇంటికి వెళ్తున్నాను! మా నాన్న ఇన్నాళ్ళూ కాపాడుకొచ్చిన 'కాలేజీకి వెళ్తోందండి' అన్న మాటని నేను అందరి ముందూ పీకి పందిరేశాను. అటెండరు సైకిల్ మా బస్సు కన్నా ముందే వీధి చేరింది. గుమ్మాల్లో ఆడవాళ్ళు నన్ను చూసి మాటలాపేశారు. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"టెన్త్ ఫెయిలని చెప్పావంట, అంతమందిలో."

"చెప్పాను నాన్నా."

మీసం కదిలింది. మాట రాలేదు. భోజనం దగ్గర కూడా రాలేదు. అమ్మ కళ్ళతోనే నన్ను ఊరుకోమంది. మర్నాడు నేను బయల్దేరేటప్పుడు ఆయన చేను దగ్గరున్నారు కాబట్టి వద్దనడానికి ఎదురుపడలేదు. దొంగతనంగా వెళ్ళినట్టే వెళ్ళాను.

ఎదురు పీరియడ్ మొదలైంది. నిన్నటి ముగ్గు బోర్డు మీద అలాగే ఉంది, ఎవరూ తుడవనివ్వలేదు. ముగ్గు కన్నా చిన్న లెక్క ఒకటి చెబుదామని నేను సుద్ద తీసుకున్నాను. అప్పుడు గుమ్మంలో నాన్న కనిపించారు. పాదాలకి చేను బురద, భుజం మీద తువ్వాలు. బయట గోడకి సైకిల్ చేరేసి ఉంది.  నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారని అందరికీ తెలిసిపోయింది. అక్క లేచి నాకు అడ్డంగా నిలబడబోయింది.

మాస్టారు ఆఖరి బెంచీ మీద నుంచే, "రండి రండి, కూర్చోండి. ఇప్పుడు ఎదురు పీరియడ్ నడుస్తోందండి. ఇందులో డౌటు ఉంటేనే మాట్లాడాలి, అదీ లేచి నిలబడి" అన్నారు, ఎవరితోనైనా అన్నట్టే.

నాన్న చెప్పులు గుమ్మం బయట విడిచారు. మెట్లెక్కి వెళ్ళి మాస్టారి పక్కన కూర్చున్నారు. నేను బోర్డు వైపు తిరిగాను. ఏం చెప్పానో నాకు తెలియదు. జతలు కలిపాను, మొదటిదీ చివరిదీ అన్నాను. వీపు మీద ఆయన చూపు తెలుస్తూనే ఉంది.

బెంచీ కిర్రుమంది. తిరిగి చూశాను. మా నాన్న లేచి నిలబడి ఉన్నారు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నారు, ఆఫీసులో పెద్దవాళ్ళ ముందు నిలబడ్డట్టు. మీసం రెండుసార్లు కదిలింది.

"నాదో డౌటండి" అన్నారు. "మా చేను కాలవ వైపు కోసుకుపోయిందండి. చెరుకు వేస్తుంటే ఒక్కో సాలు కొంచెం కొంచెం పొట్టిదవుతూ వస్తుందండి. ఏటా గెడలు ముక్కలు కొట్టి ఆ ముచ్చెలు నాటేటప్పుడు లెక్క తప్పుతున్నానండి. ఒకేడు చాలవు, ఒకేడు మిగిలిపోతాయి. ఎన్ని ముచ్చెలు కొట్టించాలో ముందే తెలుసుకోవాలంటే ఎలాగండి, మేడం గారండి?"

ఎవరూ నవ్వలేదు. రావులపాలెం అక్క కూడా నవ్వలేదు. నాకు బోర్డు కనపడలేదు, బెంచీలు కనపడలేదు. పుట్టినప్పట్నుంచి నన్ను 'ఏమే', 'అమ్మాయ్' అని తప్ప పిలవని మనిషి చేతిలో తువ్వాలు పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నారు. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ముగ్గు పక్కన ఖాళీ ఉన్న చోట కాలవ గీత ఒకటి గీశాను.

"కూర్చోండి, చెప్తాను" అన్నాను. "మొదటి సాలులో ఎన్ని ముచ్చెలు పడతాయండి?"